నాలుగు వందల పద్దెనిమిదో మరణం

పురపాలక కార్యాలయం కింది అంతస్తులో పక్కపక్కనే రెండు కిటికీలున్నాయి. ఎడమది జననాలకు, కుడిది మరణాలకు. ఎడమ కిటికీ వెనక కూర్చునే గుమాస్తాను ఊరంతా జననాలావిడ అంటారు. కుడి కిటికీ వెనక ముప్పై ఒక్క ఏళ్ళుగా కూర్చున్నాయనను మరణాలాయన అంటారు. పాపం, ఆయన ఎన్నడూ చీమకు కూడా హాని తలపెట్టినవాడు కాడు. అయినా కూరగాయల కొట్టు దగ్గర ఆయన కనిపిస్తే ముసలివాళ్ళు బేరం మధ్యలో ఆపి ఒక అడుగు పక్కకు జరుగుతారు. ఆయన కూడా ఎవరినీ ఎక్కువసేపు తేరిపార చూడడు. చూస్తే వాళ్ళకు ఆ రాత్రి నిద్ర పట్టదని ఆయనకు తెలుసు.

ఆయన పనల్లా ఒక పెద్ద రిజిస్టరు. అందులో ఒక్కో మనిషికి ఒక వరుస, వరుసకు పదమూడు గళ్ళు. పోయినవారి తాలూకు మనిషి కిటికీ దగ్గర నిలబడి చెబుతుంటే ఈయన అడుగుతూ నేరుగా సిరాతో నింపేస్తాడు. చిత్తు రాసుకోవడం, తర్వాత సాపు చేసుకోవడం అనే అలవాటే లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క కొట్టివేత లేదని ఆయనకు లోలోపల బోలెడంత గర్వం. వచ్చినవాళ్ళలో ఎవరైనా మధ్యలో ఏడిస్తే కలం పైకెత్తి పట్టుకుని ఆగుతాడు. ఏడుపు తగ్గాక, "ఏడో గడి దగ్గరున్నామండీ" అని మెల్లగా గుర్తు చేస్తాడు. తాను మాత్రం ఏనాడూ కంట తడి పెట్టలేదు. ఎందుకని జననాలావిడ అడిగితే, కన్నీళ్ళు పడితే సిరా పాకుతుందన్నాడు.

ఇటువంటి మనిషిని ఒక టీవీ సీరియల్ నిలువునా ముంచేసింది.

దాని పేరు గోదాముల వీధి. బుధవారం బుధవారం సాయంత్రం ఏడున్నరకు వచ్చేది. ఒక పెద్ద నగరం, అందులో మురికివాడలు, దొంగ సరుకు, దొంగలు, దొంగల్లాంటి పోలీసులు. ఎప్పుడు చూసినా వాన. ఆ నగరంలో సూర్యుడు ఉదయించగా చూసినవాళ్ళు లేరు. అందులోని ఇన్‌స్పెక్టరు గడ్డం గీసుకోడు, భార్యతో మాట్లాడడు, తడిసిన కోటు విప్పడు. మరణాలాయన భార్యకు ఈ సీరియలంటే ఒళ్ళు మంట. ఆవిడ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. ఏడున్నర కాగానే ప్రూఫుల కట్ట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

"ఏముందండీ అందులో, పదిమంది ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ తడుస్తుంటారు. అంతేగా" అనేది.

ఆయన మొదట్లో కాలక్షేపానికే చూశాడు. మూడో భాగంలో జలుబుగాడు వచ్చాడు. అంతే, ఆయన పని అయిపోయింది.

జలుబుగాడు అంటే ఆ సీరియల్లో ఒక చిల్లర దొంగ. రాగి తీగ దొంగిలించి దొరికిపోయి, జైలు తప్పించుకోవడానికి పోలీసులకు రహస్యంగా కబుర్లు చేరవేసే పనికి ఒప్పుకున్నవాడు. ఆ వానలో ఎప్పుడూ ముక్కు కారుతూ ఉండేది, చొక్కా చేతితో తుడుచుకునేవాడు. అందుకే ఆ పేరు. పాడుబడిన లారీలో పడుకునేవాడు. తెర మీద మొత్తం కలిపితే గంటసేపైనా కనిపించి ఉండడు. కానీ ఒక భాగంలో వాడు పోలీసు స్టేషన్లోంచి గొడుగు ఎత్తుకుపోయి, దాని కోసం ముసలి కానిస్టేబులును చీవాట్లు పెడుతున్నారని విని, వానలో తడుస్తూ వచ్చి గొడుగు గుమ్మం దగ్గర పెట్టి మళ్ళీ తడుస్తూ వెళ్ళిపోయాడు. ఆ గొడుగు మడిచి ఉంది. వస్తూ కూడా వేసుకోలేదు వెధవ. అది చూసి మరణాలాయన కుర్చీలో ముందుకు వంగి, "ఒరే తమ్ముడూ, వచ్చేటప్పుడైనా వేసుకోవాల్సిందిరా" అన్నాడు. అప్పటినుంచి ఆయన టీవీతో మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆవిరి పట్టమని చెప్పేవాడు. ఆ ఇన్‌స్పెక్టరును నమ్మొద్దని చెప్పేవాడు. వాడు వింటేగా.

పంతొమ్మిదో భాగంలో జలుబుగాణ్ణి చంపి కాలువలో పడేశారు.

శవాన్ని ఆసుపత్రి మార్చురీకి తెచ్చారు. అక్కడి అటెండరు బొటనవేలికి నలభై అని చీటీ కట్టి, ఎవరైనా వచ్చారా అని అడిగాడు. ఇన్‌స్పెక్టరు రోడ్డుకు అవతల కారులోనే ఉన్నాడు. దిగితే తమ సంబంధం బయటపడుతుందని కారు అద్దం పైకెత్తుకున్నాడు. ఎవరూ రాలేదని గుమ్మం దగ్గరినుంచి ఎవరో చెప్పారు. అటెండరు శవమున్న అరను లోపలికి తోసేశాడు. వెంటనే ఒంటి సబ్బు ప్రకటన వచ్చింది. నురగ, నవ్వులు, జలపాతం.

ఆ సాయంత్రం మరణాలాయన అన్నం ముట్టలేదు.

"సీరియల్లో చచ్చినవాడి కోసం ఇంట్లో అన్నం మానేస్తారా" అంది భార్య.

"చచ్చినందుకు కాదే" అన్నాడాయన. "ఎవరూ రాలేదు."

మర్నాడు ఉదయం కిటికీ తెరిచేసరికి లైనులో ఎవరూ లేరు. ఆయన రిజిస్టరు తెరిచాడు. ముందురోజు నాలుగు వందల పదిహేడుతో ఆగింది. కలం మూత తీశాడు. తర్వాత జరిగింది తెలిసి చేశాడా, తెలియక చేశాడా అంటే ఇప్పటికీ ఆయనే చెప్పలేడు. "మృతుని పేరు" అని పైకే అడిగాడు. తనే జవాబు చెప్పాడు. మరణించిన స్థలం అడిగాడు, చెప్పాడు. అలా ఒక్కో గడీ అడుగుతూ, జవాబు చెబుతూ, తన గుండ్రటి అక్షరాలతో నింపుకుంటూ పోయాడు. పక్క కిటికీలో జననాలావిడ ఆయన ఫోనులో మాట్లాడుతున్నాడనుకుంది. పదకొండో గడి దగ్గరికొచ్చి ఆగాడు. సమాచారం ఇచ్చినవారి పేరు పదకొండు, మృతునితో బంధుత్వం పన్నెండు, సంతకం పదమూడు. ఆ మూడూ ఖాళీగా వదిలేశాడు. ఈలోగా లైనులోకి మనుషులొచ్చారు. నాలుగు వందల పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి రాసుకుంటూ పోయాడు.

మధ్యాహ్నం భోజనానికి లేవబోతూ పేజీ మీద చూపు పడింది. ఒక ముసలమ్మకూ ఒక బడి మాస్టారికీ మధ్యన జలుబుగాడు దర్జాగా కూర్చుని ఉన్నాడు. పైనా కిందా నిజం మనుషులే. వాడొక్కడే కల్పితం. చింపడానికి వీల్లేదు, పేజీలకు నంబర్లున్నాయి. దిద్దడానికి వీల్లేదు, సిరా. ఆయన అన్నం డబ్బా మూత తీయకుండానే మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

తనిఖీ అధికారిణి వచ్చేదాకా మూడు వారాలు ఆయన నోరు మెదపలేదు. ఆవిడ సన్నగా, నిటారుగా ఉంటుంది. ఆవిడ దగ్గర ఎవరి పప్పులూ ఉడకవని జిల్లా అంతా పేరు. ఎర్ర పెన్సిలుతో పేజీలు తిప్పుతూ ఖాళీ గళ్ళ దగ్గర ఆగింది.

"నాలుగు వందల పద్దెనిమిది. ఇతనెవరు?"

మరణాలాయన అబద్ధం చెప్పడం చేతకాక, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. జననాలావిడ కలం కింద పడేసుకుంది. తనిఖీ అధికారిణి మాత్రం కనురెప్ప వేయలేదు.

"అంటే మీ ఉద్యోగం పోతుందని తెలుసా?"

"తెలుసండీ."

"తప్పుడు నమోదు కింద ఇంటికి పంపేస్తారు. తప్పించుకునే దారులు రెండే. మృతుడు బతికే ఉంటే ఇద్దరు సాక్షులతో స్వయంగా వచ్చి నేను బతికే ఉన్నానని చెప్పాలి. లేదా బంధువు ఎవరైనా వచ్చి మిగతా మూడు గళ్ళూ పూర్తి చేయాలి. పదిహేను రోజులు ఇస్తున్నాను. ఈలోగా సంజాయిషీ రాసివ్వండి."

ఆయన ముందు మొదటి దారి పట్టాడు. జలుబుగాడి వేషం కట్టిన నటుడికి ఉత్తరం రాశాడు. అయ్యా, తమరు ఒక్కసారి దయచేసి బతికున్నట్టు కనిపిస్తే నా ఉద్యోగం నిలుస్తుంది అని. నటుడు మంచివాడే, వారం తిరక్కుండా జవాబు రాశాడు. ఈ సీరియల్ ముగిసేదాకా జనంలో బతికున్నట్టు కనిపించకూడదని ఒప్పందం మీద సంతకం పెట్టానన్నాడు. ఆఖరి వాక్యంలో, నిజానికి వాడు పోయాడనే నాకూ అనిపిస్తోంది, మా ఇంట్లో కూడా ఎవరూ దాని గురించి మాట్లాడటం లేదు అని రాశాడు. మరణాలాయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, ఆ నటుడి మీద కూడా జాలిపడ్డాడు.

అటు తనిఖీ అధికారిణి తన విచారణ తాను మొదలుపెట్టింది. మరణం జరిగిందో లేదో తేలాలంటే చూడాలిగా. రికార్డు గదిలో కంప్యూటరు ముందు కుర్చీ వేయించుకుని, పంతొమ్మిదో భాగం పెట్టించింది. కాలువ దృశ్యం మూడుసార్లు వెనక్కి తిప్పించింది. తర్వాత, మృతుడి నడవడి తెలియకుండా నివేదిక రాయడం పద్ధతి కాదని చెప్పి మొదటి భాగం పెట్టమంది. అంతే, మూడు రోజులు ఆ గది తలుపు తెరుచుకోలేదు. టీ లోపలికి వెళ్ళేది, ఖాళీ గ్లాసు బయటికొచ్చేది. గొడుగు వచ్చిన భాగం నాడు లోపలికి వెళ్ళిన టీ అలాగే బయటికొచ్చింది.

నాలుగో రోజు నివేదిక బయటపెట్టింది. మరణం సంభవించినట్టు తన కళ్ళారా నిర్ధారించుకున్నానని రాసింది. కారణం మునిగిపోవడం కాదని, మెడ మీద గుర్తులున్నాయని, మార్చురీవాళ్ళు అవి పట్టించుకోలేదని రాసింది. సదరు ఇన్‌స్పెక్టరు కారు అద్దం పైకెత్తడం విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యమని, అతని మీద చర్య తీసుకోవాలని సిఫారసు చేసింది.

"మేడమ్, అది సీరియలండీ" అంది జననాలావిడ.

"నాకు తెలుసమ్మా. అయినా చేసింది తప్పు కాదా?"

"అసలు అది ఏ ఊళ్ళో జరిగిందో. మన పరిధిలోకి వస్తుందాండీ?"

"ఊరి పేరు ఎక్కడా చెప్పలేదు. ఇప్పటిదాకా వచ్చిన భాగాలన్నీ వెతికాను. మన ఊళ్ళోనూ కాలువ ఉంది, గోదాములున్నాయి. మన ఊరు కాదని రుజువేదీ?" అని ఆవిడ ఎర్ర పెన్సిలు చెక్కుకుంది. "మరణం సంగతి తేలింది. బంధువు సంగతే తేలలేదు. గడువులోగా ఎవరూ రాకపోతే మాత్రం నేను చేయగలిగింది లేదు. ఎంత బాధ కలిగినా రూలు రూలే."

ఈ వార్త ఊళ్ళోకి పాకింది. గోదాముల వీధి చూడని కొంప లేదాయె. బంధువులు తయారయ్యారు. రైల్వే స్టేషన్ ఎదుటి దర్జీ ఛాతీ విరుచుకుని వచ్చి, జలుబుగాడు తనకు బావమరిది వరస అన్నాడు. అధికారిణి ఒక కాగితం చదివి వినిపించింది. ఇందులో చెప్పినది అబద్ధమని తేలితే జైలు శిక్ష అనే వాక్యం దగ్గరికొచ్చేసరికి దర్జీకి కొట్లో ఇస్త్రీ పెట్టె ఆపకుండా వచ్చిన సంగతి గుర్తొచ్చింది. మరో ఇద్దరు అదే వాక్యం దాకా వచ్చి వెనుదిరిగారు. ప్రేమ అందరికీ ఉంది. సంతకం పెట్టేంత ప్రేమ ఎవరికీ లేకపోయింది.

పద్నాలుగో రోజు సాయంత్రం మరణాలాయన సంజాయిషీ రాయడానికి కూర్చున్నాడు. నాలుగు కాగితాలు చింపాడు. ఐదోది పూర్తి చేసి భార్య ముందు పెట్టి, తప్పులేమైనా ఉంటే దిద్దమన్నాడు. ప్రూఫులు దిద్దే మనిషి ఇంట్లో ఉండగా తప్పులతో ఉద్యోగం పోగొట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

అందులో ఆయన ఇలా రాశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా కిటికీ దగ్గరికి వచ్చిన ప్రతి మృతుడికీ ఎవరో ఒకరున్నారు. కొడుకు కాకపోతే మేనల్లుడు, వాడూ లేకపోతే ఇంటి ఓనరు. ఇతనికి ఎవరూ రాలేదు. నాకూ నా భార్యకూ పిల్లలు లేరు. తోడబుట్టినవాళ్ళు లేరు. మా ఇద్దరిలో ముందుగా పోయేవారి కోసం రెండోవారు కిటికీ దగ్గరికి వస్తారు. ఆ రెండోవారి కోసం ఎవరూ రారు. ఈ సంగతి నేను ఎన్నో ఏళ్ళుగా ప్రతిరోజూ కలం మూత తీసేటప్పుడు అనుకుంటూనే ఉన్నాను. ఆ రోజు అనుకుంటూ రాసేశాను. తప్పు నాదే.

భార్య రెండు చోట్ల కామా పెట్టింది. ఒక దీర్ఘం సరిచేసింది. కాగితం మడిచి ఆయనకిచ్చి, ప్రూఫుల కట్ట తీసుకుని వెళ్ళి దీపం కింద కూర్చుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఈ మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. ఇప్పుడు పైకి వచ్చిందీ అంటే, ఒక ముక్కు కారేవాడి పుణ్యాన.

మర్నాడు గడువు ఐదు గంటలకు. మరణాలాయన పొద్దున్నే సొరుగు ఖాళీ చేసుకున్నాడు. రెండు కలాలు, ఒక కళ్ళజోడు పెట్టె, తలనొప్పి మాత్రలు. తనిఖీ అధికారిణి ఆయన వెనకే కుర్చీ వేసుకుని గోడ గడియారం చూస్తూ కూర్చుంది. ఆవిడ మొహం కూడా చిన్నబోయే ఉంది. నాలుగున్నరకు లైనులో ఆఖరివాళ్ళు ఇద్దరు మిగిలారు. ముందున్న మనిషి కిటికీ దగ్గరికొచ్చింది. ఆయన తలెత్తకుండా అలవాటుగా అడిగాడు.

"మృతుని పేరండీ?"

"అసలు పేరు తెలియదు. అందరూ జలుబు అనేవారు."

ఆయన తలెత్తాడు. కిటికీ అవతల భార్య. అచ్చాఫీసు సంచీ భుజాన ఉంది, వేలికి సిరా ఉంది.

"నువ్వెందుకొచ్చావే" అన్నాడు గొంతు తగ్గించి. "జైలంటారు. ఇంటికెళ్ళు."

"గడి నింపే మనిషి ఇలాగేనా మాట్లాడేది? అడగండి."

తనిఖీ అధికారిణి కుర్చీ ముందుకు లాక్కుంది. "అన్నీ మొదటినుంచి అడగండి. సమాచారం ఇచ్చేవారికి మృతుడు తెలుసో లేదో నేను చూడాలి" అంది.

ఆయన రిజిస్టరు వెనక్కి తిప్పి నాలుగు వందల పద్దెనిమిది తీశాడు.

"వయస్సు?"

"ముప్పై ఆరు. పదకొండో వారం కానిస్టేబులుతో తనే చెప్పాడు."

ఆయన నోరు వెళ్ళబెట్టాడు. "నువ్వు చూడవు కదా."

"చూడను. చెవులు కూడా లేవా? వంటింటికీ మీ టీవీకీ మధ్యన ఉన్నది ఒక్క గోడే."

"వృత్తి?"

"రాగి తీగ దొంగతనం. తర్వాత పోలీసులకు కబుర్లు చేరవేయడం. మొదటిది మానేశాడు, అది కూడా రాయండి. మానేసినట్టు ఎవరూ చెప్పరు వాడి గురించి."

వెనక అధికారిణి ముక్కు చీదుకున్న చప్పుడైంది. ఆయన పన్నెండో గడి దగ్గరికొచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో వేలమందిని అడిగిన ప్రశ్న. ఆ గడి మీద వేలు పెట్టి అడిగాడు.

"మృతుడు మీకేమవుతాడండీ?"

"మరిది" అంది ఆవిడ.

"ఎలా?" అంది అధికారిణి.

"మావారు వాణ్ణి ఒరే తమ్ముడూ అని పిలిచేవారండీ. వారం వారం వింటూనే ఉన్నాను. ఆయనకు తమ్ముడైతే నాకు మరిదే కదా. వేరే ఏమవుతాడు?"

అధికారిణి ఆ కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది. జైలు వాక్యం దగ్గర ఆగి ఆవిడ వైపు చూసింది. భార్య చివరిదాకా విని, చెయ్యి చాచి కలం అడిగింది.

"అబద్ధమని ఎవరైనా ఫిర్యాదు చేస్తే కేసు పెట్టక తప్పదమ్మా" అంది అధికారిణి. "మృతుడి తాలూకు మనిషిని నేనని ఇంకెవరైనా వస్తే."

"రానివ్వండి మేడమ్. వాడి కోసం ఇంకొకరొస్తే నాకంతకంటే ఏం కావాలి?"

ఆవిడ సంతకం పెట్టింది. తనిఖీ అధికారిణి రిజిస్టరు తన వైపు తిప్పుకుని, పదమూడు గళ్ళూ వేలుతో లెక్కపెట్టుకుంది. ఎర్ర పెన్సిలు సంచీలో పడేసి, పక్కన సరిచూసితిని అని రాసి, ముద్ర వేసింది. తర్వాత ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

మరణాలాయన ధ్రువపత్రం రాసి కిటికీలోంచి ఇచ్చాడు. భార్య అది తీసుకుని, అక్షరం అక్షరం చదివి, తప్పుల్లేవని రూఢి చేసుకుని సంచీలో పెట్టుకుంది. కానీ కదల్లేదు.

"మీ సంజాయిషీలో నేను దిద్దకుండా వదిలేసిన తప్పొకటుంది" అంది. "రెండోవారి కోసం ఎవరూ రారని రాశారు. వాడెవడు మనకి? ముక్కూ మొహం తెలియనివాడు. వాడికి మనం రాలేదా? మనకీ ఎవరో ఒకరు వస్తారండీ. మీరు దాని గురించి ఇక ఆలోచించకండి."

ఆయన ఏదో చెప్పబోయాడు. కన్నీళ్ళు ముందొచ్చాయి. గబుక్కున రిజిస్టరు పక్కకు లాగాడు గానీ, అప్పటికే ఒక చుక్క పన్నెండో గడి మీద పడి మరిది అన్న మాట కాస్త పాకింది. లైనులో ఆఖరున నిలబడ్డ పెద్దమనిషి ముందుకు తొంగి చూసి, తొందరేం లేదు, కానివ్వండి అన్నాడు.